ముక్కులో ఆముదపు చుక్క

ఫార్మలిన్ వాసన చచ్చేదాకా వదలదంటారు. నాకు వదిలింది. రిటైరైన ఆర్నెల్లకి ఒకరోజు చేతులు కడుక్కుని వాసన చూసుకుంటే సబ్బు వాసనే వచ్చింది. వదలనిది ఆముదం. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా పసిపిల్లకి నీళ్ళు పోస్తూ, ఆ వెచ్చటి ఆముదం వాసన వీధిలోకి వస్తే, నేను వెనక్కి తిరిగి పక్క వీధిలోంచి పోతాను. ఈ మోకాళ్ళతో చుట్టుతిరిగి పోవడం నాకేం సరదా కాదు.

మాది రైల్వే కుటుంబం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం మీద బరంపురం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. మూడూ మాట్లాడతావు, ఒక్కటీ తిన్నగా రాదు అని అమ్మ వెక్కిరించేది. నేను బరంపురంలోనే ఒక ఆసుపత్రి లాబులో పనిచేశాను. ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకు. ఏం పనంటే, అనుమానంగా చచ్చిపోయినవాళ్ళని కోసి చూసిన డాక్టరుగారు, గుండెలోంచి, కాలేయంలోంచి, ఊపిరితిత్తుల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి, కుళ్ళిపోకుండా ఫార్మలిన్ మందు పోసిన సీసాల్లో వేయిస్తారు. ఆ ముక్కల్ని స్పిరిట్‌లో నానబెట్టి, ఇంకో ఘాటు మందులో ముంచి, కరిగిన మైనం పోసి దిమ్మ కట్టి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేసి ఇవ్వాలి. ఆయన మైక్రోస్కోపులో చూసి రాస్తారు. పెళ్ళిసంబంధాలు వచ్చినప్పుడు అమ్మ నాది ఆసుపత్రిలో రాతపని అని చెప్పేది. పెళ్ళయ్యాక మా ఆయన ఒకసారి లాబుకి వచ్చి, బయటికి పోయి వాంతి చేసుకుని, మళ్ళీ లాబు మాట ఎత్తలేదు.

డెబ్బైల్లో ఒక ఏడు, వానలు వెళ్ళి చలి ముదిరేలోపల, గంజాం నుంచి నాకు మూడు సీసాలు వచ్చాయి. మూడూ పాలుతాగే పిల్లలవి.

గంజాం ఊరి బయట ఉప్పుమడులున్నాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ పిల్లల కోసం ఒక రేకుల షెడ్డు కట్టారు. తెల్లారేసరికి పిల్లల్ని అక్కడ దింపి తల్లులు మడుల్లోకి పోయేవారు. చూసుకోడానికి ఒక ఆయా ఉండేది. మా తెలుగావిడే, అరవై దాటిన మనిషి, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చీరగుడ్డలతో ఉయ్యాలలు కట్టి పది పన్నెండు మందిని ఒక్కత్తీ ఊపేది. ఆ షెడ్డులో రెండు నెలల్లో ముగ్గురు పిల్లలు పోయారు. ముగ్గురూ అంతే, పొద్దున్న దగ్గుతూ వచ్చారు, మధ్యాహ్నానికి డొక్కలు ఎగరేశారు, సాయంత్రం తల్లి వచ్చేసరికి లేరు. మూడోవాడికి అయిదు నెలలు. వాడి తల్లి ఇరవై ఏళ్ళ పిల్ల, వాడు తొలిచూలు. ముసిల్ది పిల్లలు ఏడవకుండా నల్లమందు పెడుతోందని ఆ పిల్లే పోలీసుస్టేషన్ ముందు జుట్టు విరబోసుకుని కూర్చుంది. మొదటి ఇద్దరికీ సీసాలు పంపి ఊరుకున్నారు, అప్పుడు గానీ కేసు కాలేదు.

నాకప్పుడు ఏడో నెల. కడుపుతో ఉండి ఆ సీసాలు ముట్టుకోకే, సెలవు పెట్టు అని అమ్మ రోజూ పోరేది. సెలవు పెడితే పని ఎవరు చేస్తారు? ఉన్నది నేనొక్కదాన్ని. సీసా మీద వయసు చూడకుండా చీటీ నంబరు మాత్రం చూసి పని కానిచ్చాను. ఎప్పటిలాగే స్పిరిట్, ఎప్పటిలాగే ఘాటుమందు, ఎప్పటిలాగే మైనం. డాక్టరుగారు చూశారు. ఆయన ఒడియా మనిషి, మితభాషి, కోపం వస్తే కళ్ళద్దాలు తుడుచుకునేవారు తప్ప అరవడం నేనెరగను. ఊపిరితిత్తుల నిండా గుండ్రటి ఖాళీలున్నాయి, గాలి లోపలే ఉండిపోయి ఉబ్బినట్టున్నాయి, ఊపిరాడక పోయి ఉండవచ్చు, ఇంతకన్నా చెప్పలేను అని రాశారు. ఆ 'ఉండవచ్చు' కింద ఆయన గీత గీసి మరీ రాశారు. పోలీసువాళ్ళ కళ్ళకి అది ఆనలేదు. నల్లమందు లేదని పై లాబు నుంచి కబురొచ్చేసరికి ఎండలు ముదిరాయి. అప్పటికే కేసు మారిపోయింది. మందు పెట్టలేదంటే గుడ్డ అదిమి చంపింది అన్నారు. ముసలమ్మ అప్పటికే జైల్లో ఉంది.

ఈ లోపల నాకు ఆడపిల్ల పుట్టింది. నాలుగో నెల వచ్చేసరికి మళ్ళీ పనిలో చేరాను. ఇల్లు దగ్గరే కాబట్టి మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చి పోయేదాన్ని. పిల్లకి నీళ్ళు పోయడం అమ్మ పని. మా రైల్వే క్వార్టర్లలో మూడు వరసల పిల్లలకి అమ్మే నీళ్ళు పోసింది. ఎవరింట పురుడైనా ముందు అమ్మకే కబురు. అమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు చాపితే, ఎంత గయ్యాళి పిల్లయినా ఆ కాళ్ళమీద నోరు మూసుకునేది. ఆ ఒక్క విషయంలో అమ్మకి గర్వం ఉండేది. నాకూ ఉండేది, అబద్ధమెందుకు.

ఒకరోజు నేను వచ్చేసరికి నీళ్ళు పోయడం అవుతోంది. ఈ ముక్కు సూడే, పకోడీలాగున్నాది, అచ్చం మీ అత్త ముక్కే, నొక్కితే గానీ లేవదు అంటోంది అమ్మ. ముక్కు నొక్కింది. గిన్నెలో వెచ్చటి ఆముదంలో వేలు ముంచి ఒక్కో ముక్కులో ఒక్కో చుక్క వదిలి, వంగి ఉఫ్ మని ఊదింది. పిల్లకి పొరపోయింది. మొహం కందగడ్డయింది. అమ్మ బోర్లా తిప్పి వీపు మీద తట్టి, కఫం తెగింది అని సంతోషపడింది. మళ్ళీ తిప్పేసరికి పిల్ల ముక్కులోంచి నురగతో పాటు పసుప్పచ్చటి నూనె సన్నటి ధారగా వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

నాకు ఆ గుండ్రటి ఖాళీలు గుర్తొచ్చాయి. ఖాళీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? నేను ఖాళీ చేశాను కాబట్టి. స్పిరిట్టూ ఆ ఘాటుమందూ చేసే పనే అది, కొవ్వునీ నూనెనీ కడిగేస్తాయి. ఆ ఖాళీల్లో ఏముండేదో నేనే పదిహేను గంటలు నానబెట్టి, కడిగి, తొట్లో పారబోశాను. ఆ కంగారులో చేసిన పని ఏమిటంటే, తడిపిల్లని అమ్మ కాళ్ళమీంచి లాక్కుని, "నీ చేతుల్తో దీన్ని చంపేస్తావా?" అన్నాను. అమ్మ ఆముదం గిన్నె పక్కకి జరిపి చేతులు చీరకి తుడుచుకుంది.

పాలివ్వడం కూడా మర్చిపోయి లాబుకి పరుగెత్తాను. మొదటి ఇద్దరి సీసాలు అప్పటికే పారేశారు. మూడోవాడి సీసా మాత్రం సింకు కింద, మూత మీద దుమ్ముతో ఉంది. ఫార్మలిన్ నూనెని కడగదు. మూల ఒక పాత యంత్రం ఉండేది, గ్యాసు సిలిండరు తగిలిస్తే ముక్కని అక్కడికక్కడే గడ్డకట్టించి కోస్తుంది. స్పిరిట్ అక్కర్లేదు, మైనం అక్కర్లేదు. దాన్ని వాడడం చికాకని నేను ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ముట్టుకున్నాను. కోసి, నూనె ఉంటే పట్టుకునే ఎర్రరంగు వేసి, డాక్టరుగారిని పిలిచాను.

ఖాళీల్లేవు. ప్రతి ఖాళీలోనూ ఎర్రటి నారింజరంగు చుక్క ఉంది. ఊపిరితిత్తి నిండా చుక్కలే.

ఆయన చాలాసేపు చూసి, లేచి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఇలా కోసి ఇమ్మని అడగవలసింది నేను, అడగలేదు అన్నారు. నేను నా తప్పని చెప్పబోతే, రెండు తప్పులూ ఆ ముసలామెకి పనికిరావు, ముందు ఈ నూనె ఎక్కడిదో కనుక్కుని రా అన్నారు. నువ్వు తెలుగుదానివి, బిడ్డతల్లివి, అక్కడి ఆడవాళ్ళు నీకే చెబుతారు.

ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని గంజాం వెళ్ళాను. షెడ్డులో వెతికితే నీళ్ళకుండ, గుడ్డలు, ఒక బుడ్డి దీపం. ఆముదం లేదు. మూడోవాడి తల్లి, ఆ పిల్ల ఇంటికి వెళ్ళాం. చంటిపిల్లాడికి నీళ్ళెవరు పోసేవారు అని మామూలుగా అడిగాను. నేనే పోసేదాన్నండీ, ఒక్క రోజు మానలేదండీ అంది, మంచిమాట అడిగినట్టు. షెడ్డుకి మాసిన పిల్లల్ని తేవద్దు, నీళ్ళు పోసే తేవాలి అని పైనుంచి ఎవరో తనిఖీకి వచ్చి రూలు పెట్టారట. అత్తల్లేరు, అమ్మల్లేరు, ఉన్నవాళ్ళూ పనికే పోతారు. నీళ్ళు పోయడం పెద్దవాళ్ళ దగ్గర చూశారు గానీ చేతికి రాలేదు. కోడి కూయకముందే లేచి, నిద్రలో ఉన్నవాణ్ణి వెల్లకిలా కాళ్ళమీద వేసుకుని, వాడు ఏడుస్తుంటే ముక్కులో ఆముదం, గొంతులో ఆముదం, తలమీద రెండు చెంబులు. చలి మొదలయ్యింది కదండీ, కఫం పడుతుందని కాస్త ఎక్కువే ఏసీదాన్ని అంది. ఎంత ఎక్కువ అంటే చిటికెనవేలు మడిచి, ఆ మడతలో పట్టేంత అని చూపించింది. పోయిన మిగతా ఇద్దరూ ఆ వరస ఇళ్ళలోని పిల్లలే. వాళ్ళ తల్లులదీ అదే మాట.

ఎందుకు అడిగామో ఆ పిల్లకి చెప్పలేదు.

డాక్టరుగారు రెండో రిపోర్టు రాశారు. ముసలమ్మని వదలడానికి ఇంకో నెలన్నర పట్టింది. విడుదల రోజు ఆయన నన్ను పిలిచి, తల్లికి నిజం తెలియాలి, మళ్ళీ కడుపుతో ఉందట, కాగితం పంపితే లాభం లేదు, నువ్వెళ్ళి చెప్పు అన్నారు. తప్పించుకోడానికి నాలుగు సాకులు వెతికాను. ఒక్కటీ నిలబడలేదు. పోతూ పోతూ జైలు గేటు దగ్గర ఆగాను. ముసలమ్మని అదే మొదటిసారి చూడడం. పొట్టి మనిషి, చిన్న మూట, వెలుతురికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. నేనెవరో చెప్పాను. టీ తాగుదామమ్మా ముందు అంది.

గేట్ బజార్‌లో బట్టల మూటలు దించే రిక్షాల పక్కన నిలబడి టీ తాగాం. అక్కడే అంతా చెప్పాను. నూనె సంగతీ చెప్పాను, నా స్లయిడ్లు కడిగేసిన సంగతీ చెప్పాను. నా వల్లే నువ్వు ఇన్నాళ్ళు లోపలున్నావు మామ్మా అన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బావుండుననిపించింది కూడా. ఆవిడ టీ ఊదుకుంటూ తాగింది. గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగింది.

"ఆ పిల్లకి సెప్పీసినారేటి?"

ఇంకా లేదు, ఇప్పుడు పోయి చెప్పాలి అన్నాను.

"అయితే నానూ ఒస్తాను."

రావద్దని ఎలా అంటాను? ఎనిమిది నెలలు పిల్లల్ని చంపిందన్న పేరు మోసింది. ఆ పేరు పెట్టిన పిల్ల ఎదుట నిలబడి, చూశావా ఎవరు చంపారో అని అడగాలని ఉండదా? నాకైతే ఉండును. అడిగితే అడగనీ, నేను చెప్పలేనిది ఆవిడే అనేస్తుంది అని, సిగ్గులేకుండా, బస్సులో నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని గంజాం దాకా నిద్రపోయింది.

ఆ పిల్ల వాకిలి ఊడుస్తోంది. అయిదో నెల కడుపు. మామ్మని చూసి చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చుట్టుపక్కల నలుగురైదుగురు ఆడవాళ్ళు పోగయ్యారు. నేను సంచిలోంచి రిపోర్టు కాగితం తీశాను, చదివి చెబితే నా మాట కానట్టు ఉంటుందని. ఇంకా మడత విప్పలేదు, మామ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నీ గుంటడికి ముక్కులో ఆముదం నానే ఏసినాను," అంది. "జలుబుగా ఉన్నాదని ఏసినాను. అది ఊపిరిలోకి ఎల్లిపోనాదంట. ఈయమ్మ అద్దం పెట్టి సూసింది. కావాలని సెయ్యలేదని ఒగ్గీసినారు. కడుపులో ఉన్నోడికి మాత్రం ముక్కులో నూనె ఎయ్యకు. ఎవల్నీ ఎయ్యనీకు."

ఆ పిల్ల మొహంలో రక్తం దిగిపోయింది. ముసలమ్మ వైపు కాదు, తన చేతుల వైపు చూసుకుంది.

"నానూ ఏసీదాన్ని కదా," అంది. "రోజూ నానూ ఏసీదాన్ని."

"నువ్వేసింది సుక్క. నానేసింది గుక్కెడు."

అంతే, ఆ పిల్లకి ఊపిరొచ్చింది. చీపురు తిరగేసి ముసలమ్మని కొట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకోలేదు, పట్టుకోవాలని కూడా అనుకోలేదు. మామ్మ మూట తలకి అడ్డం పెట్టుకుంది గానీ జరగలేదు. నేనే మధ్యలో దూరి ఇవతలికి లాక్కొచ్చాను. నాకూ రెండు తగిలాయి. కాగితం సంచిలో అలాగే ఉంది. నోరు విప్పి ఒక్క మాట చెప్తే చాలు. చెప్పలేకపోయాను.

బస్సు ఆగే చోటికి వచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద చేతనైనంత అరిచాను. నీ కోసం నేనూ మా డాక్టరుగారూ ఇంత పాటుపడితే, కోర్టు కాదన్న పాపాన్ని పదిమంది ముందు నెత్తినేసుకుంటావా, బుద్ధుందా అన్నాను. పెద్దముండాకొడుకులు పెట్టిన రూలుకి నువ్వెందుకు చీపురుదెబ్బలు తినాలి అన్నాను. అంత మాట అంతకుముందు నా నోట రాలేదు. ఆవిడ మెడమీద గీరుకున్న చోట తడుముకుంటూ వింది.

"కేసు కొట్టీసినారు కదమ్మా, నన్నింకెవలు పట్టుకెల్తారు?" అంది. "ఆ పిల్ల రేపు ఇంకోడిని కనాల. కాళ్ళమీదేసుకుని నీళ్ళు పొయ్యాల. ఆ సేతులు ఒణికితే గుంటడు జారిపోడా?"

ఇక్కడ ఎలా ఉంటావని అడిగాను. ఇక్కడేటి ఉంటాను, పొలసరలో తమ్ముడున్నాడు, అక్కడికి ఎల్లిపోతాను అంది. ముందు ఆవిడ బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి నా వైపు చూసి, నీ పిల్లకి ఎన్నో నెల అని అడిగింది. ఆరో నెల అన్నాను. బస్సు కదిలింది. ఆవిడ్ని మళ్ళీ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. నేను ఆ మాట అన్న రోజు నుంచి అమ్మ పిల్లకి నీళ్ళు పోయడం మానేసింది. అలిగిందనుకున్నాను. వారంలో పోతుందనుకున్నాను. రెండు నెలలు దాటింది. క్వార్టర్లలో ఎవరో పురిటికి పిలిస్తే, నడుం నొప్పి అని పంపేసింది. పిల్లని ఎత్తుకోమంటే ఎత్తుకుంటుంది, ఆడిస్తుంది, నీళ్ళగదిలోకి మాత్రం రాదు. నాకు తీరికేదీ, తడిగుడ్డతో తుడిచి ఊరుకునేదాన్ని.

ఆవేళ నీళ్ళు కాచి, పీట వేసి, అమ్మని పిలిచాను. బస్సులో దారంతా ఆలోచించుకున్న అబద్ధం చెప్పాను. డాక్టరుగారిని అడిగానే, ఆరోజు పిల్లకి పొరపోయింది నీ నూనె వల్ల కాదట, నా చేతులకుండే ఫార్మలిన్ ఘాటుకట, నేనే కడుక్కోకుండా ఎత్తుకునేదాన్ని కదా అన్నాను. నూనె లేకుండా ఒట్టి నీళ్ళు నువ్వే పొయ్యవే అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసి నవ్వింది.

"నీకు అబద్ధం సెప్పడం రాదే," అంది.

తర్వాత రెండు చేతులూ ముందుకి చాపింది. ఆ చేతులు అలా వణుకుతాయని నాకప్పటిదాకా తెలీదు.

"నువ్వే పొయ్యి. నాను సూస్తాను."

నేను పీటమీద కూర్చుని కాళ్ళు చాపి పిల్లని వేసుకున్నాను. అమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మం అవతలే నిలబడింది.